పదహారణాల వాటా, ఒక్క ఓటు

మా నాన్నగారు పోయిన ఏడాదికి ఆయన ఇనుప పెట్టె సర్దుతుంటే అడుగున రెండు కాగితాలు కనిపించాయి. మొదటిది మా ప్రాంతంలో ఏనాడో మూతపడిన ఒక సహకార చక్కెర కర్మాగారం ఇచ్చిన వాటా పత్రం. దాని మీద ఆయన పేరు, సభ్యత్వ సంఖ్య, 500 రూపాయల ముఖవిలువ, గుండ్రటి ముద్ర ఉన్నాయి. రెండవది పాత చిట్టా పుస్తకంలోంచి తీసి మడిచి దాచుకున్న పేజీ. ఆయన 31 ఏళ్లు గుమాస్తాగా పనిచేసిన రైసు మిల్లులో ఎవరి వాటా ఎంతో దాని మీద ఆయన చేతిరాతతోనే ఉంది: ఒకరికి ఆరణాలు, ఒకరికి నాలుగణాలు, మరి ఇద్దరికి మూడేసి అణాలు. 1957లో నయాపైసలు వచ్చి అణాలు చెలామణీలోంచి పోయినా, మా గోదావరి జిల్లాల్లో భాగస్వామ్య వ్యాపారాల వాటాలు ఆ తరువాత కూడా చాలాకాలం రూపాయికి పదహారణాల లెక్కలోనే నడిచాయి. పెట్టుబడిదారీ విధానానికీ సోషలిజానికీ వ్యాపారాల యాజమాన్యం విషయంలో తేడా ఏమిటన్న చర్చ ఎక్కడ జరిగినా నాకు ఈ రెండు కాగితాలే కళ్ల ముందు మెదులుతాయి.

మిల్లు సంగతి ముందు చెబుతాను. ఆరణాల భాగస్వామి కాలం చేసినప్పుడు ఆయన వాటా ముగ్గురు కొడుకులకూ రెండేసి అణాల చొప్పున వెళ్లింది. వారిలో ఇద్దరు అప్పటికే హైదరాబాదులో స్థిరపడ్డారు. ధాన్యంలో తేమ ఎంత ఉంటే మరలో బియ్యం విరిగి నూక అవుతుందో, తవుడు ఏ నెలలో ఏ ధర పలుకుతుందో వారికి తెలియదు. తెలియకపోవడం వారి హక్కుకు అడ్డమూ కాలేదు. కొన్నేళ్ల తరువాత వాటాదారులందరూ ఒక మాట మీదకు వచ్చి మిల్లును స్థలంతో సహా అమ్మేశారు. కాటా దగ్గర బస్తాలు మోసిన జట్టు కూలీలకు, ధాన్యం ఆరబోసి ఎగదోసిన ఆడవాళ్లకు, బాయిలరు చూసుకున్న మనిషికి, లెక్కలు రాసిన నాన్నగారికి ఆ సంగతి కొన్నవాళ్లు టేపు పట్టుకుని కొలతలకు వచ్చిన రోజున తెలిసింది. భాగస్వాములు చెడ్డవారు కారు. నాన్నగారికి ఆరు నెలల జీతం చేతిలో పెట్టి, బట్టలు పెట్టి పంపారు. మా అక్క పెళ్లికి అడగకుండానే బియ్యం పంపినవారు కూడా వారే. వారి మంచితనం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అయితే వారు మంచివారా కాదా అన్నదానితో ఆ అమ్మకానికి సంబంధం లేదు, ఎందుకంటే అమ్మేముందు ఆ మిల్లులో పనిచేసేవారిలో ఒక్కరినైనా అడగవలసిన అవసరం చట్టం వారికి పెట్టలేదు.

యాజమాన్యం అన్నదాన్ని మనం ఒకే ముద్దగా మాట్లాడతాం గానీ, విప్పి చూస్తే అందులో కనీసం మూడు హక్కులు ఉంటాయి. వ్యాపారం ఎలా నడవాలో తేల్చేది ఎవరు, ఖర్చులూ కూలీలూ అప్పులూ పోగా మిగిలినది ఎవరికి చెందుతుంది, ఆ వ్యాపారాన్ని అమ్ముకునే, వారసులకు ఇచ్చుకునే హక్కు ఎవరిది? పెట్టుబడిదారీ విధానం ఈ మూడింటినీ ఒకే తాటి మీద కట్టి పెట్టుబడి పెట్టినవారి చేతిలో పెడుతుంది, అదీ ఎవరు ఎంత పెడితే అంత. ఆరణాలవారి మాటకు ఆరణాల బరువు, లాభంలో ఆరణాలు, అమ్మితే వచ్చే ధరలో ఆరణాలు. పనిచేసినవారికి అందేది ముందే ఒప్పుకున్న కూలి. మిగులు పెరిగినంత మాత్రాన కూలి పెరగదు, మిల్లు స్థలం విలువ వంద రెట్లయినా గుమాస్తాకు అందులో ఒక్క అర్ధణా రాదు.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. కొనడం, అమ్మడం, బేరమాడడం ఉంటే అదే పెట్టుబడిదారీ విధానమని చాలామంది అనుకుంటారు. బజారు దానికన్నా చాలా పాతది. అంబాజీపేటలో కొబ్బరికాయలు అమ్మే చిన్న రైతు, తన బడ్డీలో తానే టీ కాచి అమ్ముకునే మనిషి బజారులోనే ఉన్నారు, కానీ వారు తమ పనికి తామే యజమానులు. ఒకరి సొత్తు మీద మరొకరు కూలికి పనిచేయడం, ఆ పనిలోంచి పుట్టిన మిగులు సొత్తు గలవారి లెక్కలో పడడం, ఆ సొత్తును పనితో సంబంధం లేకుండా చేతులు మార్చుకోగలగడం, ఇవి కలిసినప్పుడే దానికి ఆ పేరు తగుతుంది. బజారు ఉంటూనే యాజమాన్యం వేరే విధంగా ఉండవచ్చునన్న సంగతి గుర్తుంచుకోకపోతే తరువాత చెప్పబోయేది అర్థం కాదు.

మా మిల్లు భాగస్వామ్య సంస్థ కాబట్టి నష్టం వస్తే భాగస్వాముల ఇళ్లూ పొలాలూ కూడా అప్పులవాళ్లకు జవాబు చెప్పవలసి ఉండేది. 1932 నాటి భాగస్వామ్య చట్టం అలాగే ఉంది. కంపెనీ వేరు. చట్టం దృష్టిలో కంపెనీ దాని వాటాదారులకన్నా వేరైన మనిషి అని ఇంగ్లండులో 1896లోనే పై కోర్టు తేల్చింది. మన సుప్రీంకోర్టు కూడా 1954లో తేయాకు తోటల కంపెనీ వాటాదారు ఒకరి ఆదాయపు పన్ను కేసులో, వాటా కొన్నంత మాత్రాన కంపెనీ ఆస్తిలో ఆ మనిషికి భాగం రాదని చెప్పింది. అంటే పెద్ద కంపెనీలో వాటాదారుకు తోటా చెందదు, అప్పూ చెందదు. ప్రకటించినప్పుడు లాభంలో భాగం, సమావేశంలో వాటాల లెక్కన ఓటు, నచ్చనప్పుడు అమ్ముకుని వెళ్లిపోయే స్వేచ్ఛ మాత్రం ఉంటాయి. లాభానికి హద్దు లేదు, నష్టానికి పెట్టిన సొమ్మే హద్దు. ఈ ఏర్పాటు వల్లనే ఒకరినొకరు ఎరుగని లక్షల మంది సొమ్ము ఒకచోట చేరి పెద్ద పరిశ్రమలు లేచాయి. దాన్ని చిన్నచూపు చూడడం సరికాదు. అయితే మనిషికీ పనికీ మధ్య దూరం ఎంత పెరిగినా హక్కు తరగకపోవడం కూడా ఈ ఏర్పాటు నుంచే వచ్చింది.

సోషలిజం అనగానే మా ఊళ్లో పెద్దవాళ్లు ఒకప్పుడు గేదెలు కూడా ఉమ్మడివే అవుతాయట అని భయపడేవారు. ఆ భయానికి ఆధారం లేదు. మార్క్సు మొదలు ఆ దారిలో ఆలోచించినవారందరూ మనిషి వాడుకునే సొత్తుకూ, ఇతరుల శ్రమను కూలికి పెట్టుకుని మిగులు పుట్టించే సొత్తుకూ తేడా చూపారు. ఇల్లు, మంచం, సైకిలు వేరు, మిల్లు, గని, కర్మాగారం వేరు. ఆ రెండవ రకం సొత్తు సమాజానిది కావాలన్నది వారి మాట. చిక్కు అంతా ఆ 'సమాజం' ఎవరు అన్న దగ్గరే మొదలవుతుంది. సోవియట్ రష్యా దానికి ప్రభుత్వమని జవాబు చెప్పింది. అక్కడ కూడా వ్యవసాయంలో ప్రభుత్వ క్షేత్రాలు వేరుగా, సమష్టి క్షేత్రాలు వేరుగా ఉండేవి, కానీ రెండవవాటిలోనూ ఏమి పండించాలో, ఎంతకు ఇవ్వాలో పై నుంచే వచ్చేది. యుగోస్లావియా 1950లో చట్టం చేసి కర్మాగారాల నిర్వహణను అక్కడ పనిచేసేవారి మండళ్లకు అప్పగించింది. అంతకు వందేళ్లకు పైగా ముందే, 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది, వారిలో పలువురు నేతపనివారు, తలా కొంత వేసుకుని ఒక దుకాణం పెట్టి, ఎవరికి ఎన్ని వాటాలున్నా మనిషికి ఒక్కటే ఓటు అని నియమం రాసుకున్నారు. ప్రభుత్వం, పనివారి మండలి, సభ్యుల సంఘం: ఈ మూడూ సోషలిజం అన్న ఒకే పేరు కింద మనకు వినిపిస్తాయి గానీ, మిల్లు గుమాస్తా చోటు నుంచి చూస్తే మూడూ మూడు వేరు బతుకులు.

మన దేశం మొదటిదాన్నే ఎక్కువగా పట్టుకుంది. 1956 పారిశ్రామిక విధాన తీర్మానం 17 కీలక పరిశ్రమలను ప్రభుత్వానికి ప్రత్యేకించింది. అదే ఏడాది జీవిత బీమా జాతీయమైంది, 1969లో 14 బ్యాంకులు, 1980లో మరో 6 బ్యాంకులు ప్రభుత్వానివయ్యాయి. ఆ రెండవ విడతలోనే ఆంధ్రా బ్యాంకు ఉంది. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆ బ్యాంకులో డెల్టా రైతుల డిపాజిట్లు తరాలుగా ఉండేవి. జాతీయకరణ తరువాత బ్యాంకులు పల్లెలకు వచ్చాయి. మా తాతగారి కాలంలో ఎరువుల కోసం వడ్డీ వ్యాపారి అరుగు ఎక్కవలసి వస్తే, నాన్నగారు పంట రుణానికి బ్యాంకు గుమ్మం ఎక్కారు. ఇది చిన్న మార్పు కాదు. దీన్ని తెచ్చింది ప్రభుత్వ యాజమాన్యమేనని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే మిగులు కోసమే నడిచే బ్యాంకుకు అప్పట్లో మా ఊరి మట్టిరోడ్డు మీద పని లేదు. కానీ అదే ఆంధ్రా బ్యాంకును 2020 ఏప్రిల్‌లో మరో బ్యాంకులో కలిపేసినప్పుడు, దాని యజమానులమని చెప్పుకునే ప్రజలను అడిగినవారు లేరు. విశాఖ ఉక్కు విషయం ఇంకా బాధాకరం. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు ఇచ్చి సాధించుకున్న కర్మాగారంలో ప్రభుత్వ వాటా మొత్తం అమ్మాలన్న నిర్ణయం 2021 జనవరిలో ఢిల్లీలో జరిగింది. మిల్లు వాటాదారులు నాన్నగారిని అడగకుండా మిల్లును అమ్మినట్టే.

అమ్మకం సంగతే కాదు, నడపడంలో కూడా ఇదే లోటు. కోనసీమ నేల కింద ఉన్న గ్యాసును, అది ఎవరి పొలం కింద ఉన్నా, ప్రభుత్వ అనుమతి లేకుండా తీయడానికి వీల్లేదు. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాసు మీద ఇద్దరు అన్నదమ్ముల కంపెనీలు కొట్లాడుకున్నప్పుడు, అది ఆ ఇద్దరిదీ కాదు, ప్రజల తరఫున ప్రభుత్వం ధర్మకర్తగా ఉంచుకున్న సొత్తు అని 2010లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. చదివినప్పుడు నాకు సంతోషం కలిగింది. ఆ వెంటనే 1995 జనవరిలో పాసర్లపూడి దగ్గర మొదలై రెండు నెలలకు పైగా ఎగసిన మంట గుర్తుకు వచ్చింది. అది ప్రభుత్వ రంగం తవ్విన బావి, అంటే కాగితం మీద ప్రజల బావి. ఎక్కడ తవ్వాలో, ఎంత జాగ్రత్త సరిపోతుందో తేల్చిన చోట ఆ పరిసరాల రైతుకు కుర్చీ ఉందా? ధర్మకర్త అన్నది చాలా బరువైన పదవి. గుడి ధర్మకర్తను ఊరు లెక్క అడుగుతుంది, శ్రీరామనవమి నాడు అందరి ముందు నిలదీస్తుంది కూడా. లెక్క అడగడానికి వీలు లేని ధర్మకర్తకూ యజమానికీ తేడా ఏమిటో నాకు తెలియడం లేదు.

ఇప్పుడు ఆ మొదటి కాగితం, చక్కెర కర్మాగారం వాటా. నాన్నగారికి ఎకరంన్నర చెరకు ఉండేది కాబట్టి ఆయన సభ్యులు. అక్కడ పదెకరాల రైతుకూ ఎకరంన్నర రైతుకూ ఒక్కొక్కటే ఓటు. మిల్లులో చేతులు కట్టుకుని నిలబడే గుమాస్తాగారు, సర్వసభ్య సమావేశానికి ఇస్త్రీ పంచె కట్టుకుని వెళ్లి, పాలకవర్గం ఎన్నికలో ఓటు వేసి వచ్చిన రోజు ఇంట్లో గొంతు పెంచి మాట్లాడేవారు. నాకు బాగా గుర్తున్న దృశ్యం అది. మరి అంత గౌరవం ఇచ్చిన కర్మాగారం ఎందుకు మూతపడింది?

పొత్తుల మగడు పుచ్చి చచ్చాడన్న సామెత చెప్పి చాలామంది ఈ ప్రశ్నను అక్కడితో ముగిస్తారు. నేను అంత తేలికగా వదలలేను. ఒక కారణం ప్రభుత్వం. మన రాష్ట్రంలో 1964 సహకార చట్టం కింద పెద్ద సంఘాల్లో ప్రభుత్వం వాటా ధనం పెట్టేది, ఆ వెనుకే అధికారులు వచ్చేవారు. ఎన్నికలు వాయిదా వేసి, పాలకవర్గం చోట ప్రభుత్వం నియమించిన పర్సన్ ఇన్‌ఛార్జిని కూర్చోబెడితే సభ్యుల ఓటు ఏమవుతుంది? మూడు హక్కుల్లో మొదటిదే చేజారిపోయింది. ఈ జబ్బును గుర్తించే 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చారు. దాని కింద సంఘాలు ప్రభుత్వ వాటా లేకుండా, ప్రభుత్వ పెత్తనం లేకుండా నడుచుకోవచ్చు. దేశంలో ఆ తరహా చట్టం ముందుగా చేసింది మనమే, కానీ పాత కర్మాగారాలు అప్పటికే బకాయిల్లో కూరుకుపోయి ఉన్నాయి.

రెండవ కారణం చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు. సభ్యులమైన మనం యజమానుల్లా ప్రవర్తించలేదు. చెరకు టన్నుకు ధర పెంచమని సమావేశంలో ప్రతిసారీ అరిచాం. పాతబడిన యంత్రాలు మార్చడానికి మన ధరలో కొంత ఆపుకుందామంటే ఒప్పుకోలేదు. బయట బెల్లానికి మంచి ధర ఉన్న ఏడాది చెరకును గానుగలకు తోలి, ధర పడిపోయిన ఏడాది కర్మాగారమే దిక్కన్నాం. సరఫరా చేసేవాడిగా మన లాభం, యజమానిగా మన లాభం ఒకదానికొకటి ఎదురు నిలిచినప్పుడు మొదటిదాన్నే ఎంచుకున్నాం. అందుకు లోభం ఒక్కటే కారణం కాదు. సహకార సంఘంలో వాటా విలువ పెరగదు. ఈ రోజు నేను కడుపు కట్టుకుని కొత్త బాయిలరు కొనిపిస్తే, దాని ఫలం పదేళ్ల తరువాత చెరకు వేసేవాడికి దక్కుతుంది. వాటా అమ్ముకునే హక్కు లేకపోవడం సహకారానికి ప్రాణమూ అదే, బలహీనతా అదే. పెట్టుబడిదారీ విధానాన్ని సమర్థించేవారు వేసే బలమైన పోటు ఇక్కడే తగులుతుంది, అది ఒప్పుకుని తీరాలి.

ఆ విలువ పెరగని తనం నాకు స్వయంగా ఎదురైంది. వాటా పత్రం పట్టుకుని సంఘం కార్యాలయానికి వెళితే అక్కడి ఉద్యోగి మర్యాదగానే చెప్పారు: "మీ పేరుకు మార్చాలంటే మీరు చెరకు వేసే రైతై ఉండాలండీ. లేదంటే ఆ ఐదు వందలూ తీసుకుని సంతకం పెట్టేయండి, ఓ పనైపోద్ది." ఆ పత్రం కొన్న రోజుల్లో ఐదు వందలంటే మా ఇంట్లో పెద్ద మొత్తం. కర్మాగారం నిలబడి ఉన్న భూమి విలువ ఈ రోజు కోట్లు. అదే కంపెనీ వాటా అయి ఉంటే మా అక్కకూ నాకూ ఏదో కొంత వచ్చేది. రెండు రోజులు అది అన్యాయమనే అనిపించింది. తరువాత నిదానంగా ఆలోచిస్తే వేరే విధంగా తోచింది.

మా కాలువ నీటిని తీసుకోండి. దాళ్వాలో, అంటే రెండో పంట వేళ, గోదావరి తగ్గినప్పుడు వంతులవారీగా నీళ్లు వదులుతారు. వంతు వచ్చినప్పుడు తూము తెరుచుకుని చేను తడుపుకుంటాను. నా వంతును నేను అమ్ముకోలేను, ముప్ఫై ఏళ్లు వాడుకున్నాను కాబట్టి కాలువలో భాగం రాసిమ్మని అడగలేను. వాడుకునే హక్కు, అడిగే హక్కు, బాగుచేసుకునే బాధ్యత నావి. కాలువ మాత్రం నా తరువాతివాడిది కూడా. నాన్నగారి వాటా అటువంటిదే. సహకార సంఘాల అంతర్జాతీయ కూటమి 1995లో ప్రకటించిన సూత్రాల్లో కూడా, సంఘం మూలధనంలో కొంత భాగం సాధారణంగా ఎవరికీ పంచరాని ఉమ్మడి సొత్తుగా ఉంటుందని రాసుకున్నారు. 500 రూపాయలకు మించి ఆశించడం నాకు తగదని ఆ రోజే నిర్ణయించుకున్నాను. కానీ ఆ వాదనకు రెండవ వైపు కూడా ఉంది. నాకు అమ్ముకునే హక్కు లేనప్పుడు, ఆ భూమిని తెగనమ్మే హక్కు మరెవరికో ఎక్కడి నుంచి వచ్చింది?

కాలువ మాట వచ్చింది కాబట్టి మరొకటి. సొంత తెలివితో, సొంత కష్టంతో పైకి వచ్చామని మా డెల్టా పారిశ్రామికవేత్తలు చెబుతుంటారు, తెలివీ కష్టమూ నిజమే. అయితే 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట లేకుండా ఆ మొదటి పెట్టుబడి ఎక్కడిది? 1833 నాటి కరువు చూసిన నేల ఇది. కాటన్ దొర కట్టించిన ఆనకట్ట నుంచి మూడు డెల్టాలకూ కాలువలు పారి, నేడు సుమారు పది లక్షల ఎకరాలు తడుస్తున్నాయి. ఆ వరి మిగులే రైసు మిల్లులైంది, తరువాత చక్కెర, రవాణా, సినిమా హాళ్లు, రాజధానిలో కంపెనీలు అయింది. ప్రజల సొమ్ముతో కట్టి ప్రజల సొత్తుగా ఉన్నదాని మీదే ఇక్కడి ప్రైవేటు సొత్తు లేచి నిలబడింది. 1997లో చట్టం చేసి నీటి సంఘాలు పెట్టి, కాలువల నిర్వహణలో రైతుకు ఓటు ఇచ్చినప్పుడు నేను ఎంతో ఆశపడ్డాను. ఎన్నికలు జరిగిన రోజుల్లో మా చేలకు నీరు తెచ్చే చిన్న కాలువ, బోదె, పూడిక సకాలంలో తీశారు. అందులో కూడా ఓటు భూమి గలవారికీ సాగుదారులకే గానీ, నీటిలో దిగి నాట్లు వేసే కూలీలకు లేదు.

యాజమాన్యం పేరుకు ఉండి అధికారం లేకపోవడం ఒక్క సహకార సంఘాల కథే కాదు. బండారులంకలో, పులగుర్తలో, ఉప్పాడలో నేతగాడి ఇంటికి వెళ్లి చూడండి. మగ్గం అతనిదే, గుంట అతనిదే, ఇల్లు అతనిదే. పట్టు, నూలు, జరీ మాత్రం చీర నేయించుకునే వ్యాపారి, మాస్టర్ వీవర్‌వి. చీర దిగాక అతనికి అందేది మజూరీ. మా మేనమామగారు నలభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్నారు, ఏనాడూ తాను నేసిన చీర ఎంతకు అమ్ముడైందో ఆయనకు తెలియలేదు. ఉత్పత్తి సాధనం చేతిలో ఉంటే చాలదు. ముడిసరుకూ బజారూ మరొకరి చేతిలో ఉంటే మగ్గం సొంతదారు ఇంట్లో కూర్చున్న కూలీయే. ఆయన కొన్నాళ్లు చేనేత సహకార సంఘానికి నేశారు. నూలు సంఘం ఇచ్చింది, లెక్క సభ్యుడికి చూపింది, పండుగకు పొదుపు తిరిగి ఇచ్చింది. ఆ తరువాత సంఘానికి రావలసిన బకాయిలు ఆగిపోయి, మళ్లీ మాస్టర్ వీవర్ గుమ్మం ఎక్కారు.

రొయ్యల చెరువులది మరింత పెద్ద ఎత్తున అదే కథ. వనామీ రకం రొయ్య వచ్చాక భీమవరం చుట్టుపక్కల వరిచేలు చెరువులయ్యాయి. చెరువు గల రైతును అందరూ పెట్టుబడిదారు అనే అంటారు, ఆయన కింద పనివారు ఉన్నారు కాబట్టి కొంతవరకు నిజమే. కానీ పిల్ల కొనవలసింది ఒకచోట, మేత మరొకచోట, కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ కౌంటును బట్టి, వంద కౌంటుకు ఇంత, ముప్ఫై కౌంటుకు ఇంత అని ధర చెప్పేది ఎగుమతిదారు. రాత్రి నీటిలో ప్రాణవాయువు తగ్గి రొయ్య తేలిపోతే నష్టం మొత్తం గట్టు మీదవాడిదే. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు ధర తగ్గుదల ఎంత వేగంగా చెరువు గట్టు దాకా దిగి వచ్చిందో చూశాం. మేత ధర మాత్రం అంత వేగంగా దిగలేదు. ఆస్తి ఉండడం, హక్కు ఉండడం రెండూ ఒకటే అయితే ఇలా జరగదు.

నష్టం భరించేవాడే యజమాని కావాలి కదా, కూలీ నష్టం భరిస్తాడా అని నన్ను చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మా మిల్లు భాగస్వాములు నిజంగానే ఇళ్లు పణంగా పెట్టారు, వారి విషయంలో ఆ వాదనను గౌరవిస్తాను. కానీ కంపెనీలో వాటాదారు పది కంపెనీల్లో పది వాటాలు పెట్టి, ఒకటి పోయినా తొమ్మిదితో నిలబడగలడు. పనివాడికి ఉన్నది ఒకే ఒళ్లు, ఒకే ఊరు, ఒకే పని నేర్పు. మిల్లు అమ్మిన తరువాత నాన్నగారికి 58 ఏళ్ల వయసులో మరో పద్దు పుస్తకం ఎవరిచ్చారు? జట్టు కూలీల్లో ఇద్దరు వలస పోయారు. నష్టం వారికీ పంచారు, అయితే ఏ కాగితం మీదా రాయలేదు. పనివారు నడపలేరన్న మాట కూడా నిలవదు. కేరళలో 1925లో మొదలైన ఊరాలుంగల్ కార్మికుల సంఘం నేడు రోడ్లూ వంతెనలూ కడుతోంది, మూసేసిన కాఫీ బోర్డు హోటళ్లను 1950లలో అక్కడి పనివారే సంఘాలు కట్టుకుని ఇండియన్ కాఫీ హౌస్‌లుగా నిలబెట్టారు, స్పెయిన్‌లో 1956లో మొదలైన మోండ్రాగన్‌లో వేల మంది పనివారు సభ్య యజమానులు. వీటిలో ఏదీ బజారును వదిలి పారిపోలేదు, టెండర్లు వేసి, ధరలు కట్టి, పోటీలో నెగ్గుకొచ్చాయి.

అందుకే ప్రభుత్వమా ప్రైవేటా అని రెండు జట్లుగా విడిపోయి వాదించుకునే టీవీ చర్చలు నాకు మింగుడుపడవు. ఒక వ్యాపారం గురించి ఎవరు మాట్లాడినా నేను ముందు అడిగేది, దాని మీద ఆధారపడి బతికేవారికి దాని లెక్కల పుస్తకం తెరిచి చూసే హక్కు ఉందా అని. అది లేని చోట బోర్డు మీద సహకారమని ఉన్నా, ప్రజలదని ఉన్నా అది సామాజిక యాజమాన్యం కాదనే నా అభిప్రాయం. ఓటు ఆ తరువాతి మెట్టు. లెక్క తెలియని ఓటు ఏమైపోతుందో మన చక్కెర కర్మాగారంలో చూశాం.

మొన్న సంక్రాంతి ముందు నాన్నగారి పేరు మీదే ఒక నోటీసు వచ్చింది. బకాయిలు తీర్చడానికి కర్మాగారం భూమి అమ్మే విషయం మాట్లాడడానికి సర్వసభ్య సమావేశమట. నేను సభ్యుణ్ణి కాను, నాకు ఓటు లేదు. మా వీధి చివర పెదనాన్నగారికి ఉంది. నాన్నగారికి వరసకు అన్నగారు, 84 ఏళ్లు, చూపు తగ్గింది గానీ మాట గట్టిదే. ఆ రోజు ఆయన్ని బండి మీద తీసుకువెళతానని చెప్పి, అడగవలసినవి పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాను. చివరి అయిదేళ్ల లెక్కలు ఎవరు తనిఖీ చేశారు, భూమి ధర ఎవరు కట్టారు, అమ్మగా మిగిలినది ఎక్కడికి వెళుతుంది అని చదివి వినిపించాను. పెదనాన్నగారు కళ్లజోడు సరిచేసుకుని, కాగితం నా చేతిలోంచి తీసుకుని, వెనక్కి తిప్పి కూడా చూశారు.

"మనవాళ్ల చెరకు డబ్బులు సరేరా. యార్డులో పనిచేసినోళ్లకి ఆఖరి సీజను జీతాలు ఇవ్వలేదు కదా, అదేదీ?"

నేను రాయలేదు. గుమాస్తా కొడుకునై ఉండి అది నాకు తోచలేదు. పెన్ను తీసి, మొదటి ప్రశ్నకు పైన ఉన్న ఖాళీలో రాశాను.